నేచురల్‌గా ఉందని చెప్పేముందు

సినిమా చూసి బయటికొచ్చాక మీరేమంటారో మాకు తెలుసు. ఫస్టాఫ్ పర్లేదు, సెకండాఫ్ ల్యాగ్. ఇంటర్వెల్ అదిరింది. హీరో ఇరగదీశాడు. పాటలు తీసేస్తే ఇంకా బాగుండేది. ఫ్యామిలీతో ఒకసారి చూడొచ్చు. లేదంటే ఓటీటీలో వచ్చేదాకా ఆగండి, టిక్కెట్ దండగ. జగదాంబ సెంటర్లోనో, గాజువాకలోనో శుక్రవారం ఆట వదిలాక ఎవరో మైకు పట్టుకుని ఎదురొస్తే ఇవే నాలుగు ముక్కలు చెప్పి బండి తీస్తారు. స్టీల్ ప్లాంట్‌లో షిఫ్ట్ దిగినవాళ్లయినా, పోర్టు గేటు దగ్గర టీ తాగేవాళ్లయినా మర్నాడు మాట్లాడుకునేది ఇదే. అందులో తప్పేమీ లేదు మిత్రులారా. టిక్కెట్ మీ డబ్బుతో కొన్నారు, మాట మీ ఇష్టం. సినిమా గురించి మాట్లాడాలంటే డిగ్రీలేమీ అక్కర్లేదు. మామూలు ప్రేక్షకుడి మాటకి విలువ లేదనేవాళ్లతో మాకు పేచీ ఉంది కూడా.

మా ఇబ్బంది ఆ మాటల్లో ఒక్కదానితోనే. "చాలా నేచురల్‌గా ఉందండి."

ఒక చిన్న సంగతి గమనించండి. వైజాగ్‌లో తీసిన సినిమాని వైజాగ్ ప్రేక్షకుడు చూస్తే ఏం చేస్తాడు? తప్పులు పడతాడు. హీరో ఆర్కే బీచ్‌లో పరిగెత్తడం మొదలెట్టి ఒక్క మలుపు తిరిగేసరికి రుషికొండలో ఎలా తేలాడురా అని పక్కసీటు వాడిని పొడుస్తాడు. కైలాసగిరి మీంచి కనిపించే సముద్రం ఏదో, కనిపించనిదేదో అతనికి తెలుసు. తెలుసు కాబట్టే నేచురల్ అన్న మాట అంత తేలిగ్గా రాదు. అదే మనిషి, పాడేరు ఘాట్ ఒక్కసారి కూడా ఎక్కని మనిషి, అరకు వెళ్లినా బొర్రా గుహలు, కాఫీ, బొంగులో చికెన్ చూసుకుని సాయంత్రానికి దిగిపోయిన మనిషి, కొండల మీద తీసిన సినిమా చూసి మాత్రం "అచ్చం అలాగే తీశాడు" అంటాడు. అలాగే అంటే ఎలాగ? తెలిసిన ఊరు తెర మీద చూస్తే అబద్ధం పట్టుకుంటాం. తెలియని ఊరైతే అంతా నిజంలాగే ఉంటుంది.

2025 సెప్టెంబర్ 5న 'ఘాటి' వచ్చింది. క్రిష్ దర్శకత్వం, అనుష్క కథానాయిక. తూర్పు కనుమల్లో, ఆంధ్రా ఒడిశా సరిహద్దులో గంజాయి మూటలు మోసే మనుషుల కథ. సినిమా పెద్దగా ఆడలేదు. చూసినవాళ్లలో ఎక్కువమంది అన్నది కూడా మామూలే: కొండలు బాగా చూపించాడు, అనుష్క కోసం చూడొచ్చు, కథ పాత పగా ప్రతీకారమే. ఆడని సినిమా గురించి ఇప్పుడెందుకు అంటారా? సినిమా మీద చెప్పిన అభిప్రాయం వారంలో మర్చిపోతారు. దాని వెంట ఇంకో మాట వస్తుంది, అది మాత్రం పోదు. "ఏజెన్సీలో అందరూ చేసేది ఇదే పనట కదా." మొదటిది సినిమా గురించి. రెండోది మనుషుల గురించి. ఒకే ఊపిరిలో రెండూ వచ్చేస్తాయి.

ఆ సినిమాలో కథానాయిక పేరు శీలావతి. మా వైపు పండే ఒక గంజాయి రకాన్ని వాడుకలో పిలిచే పేరు కూడా అదే. పేరు పెట్టినవాళ్లకి తెలిసే పెట్టారు. చూసినవాళ్లలో ఎంతమందికి తట్టిందో మరి. ఒక ఆదివాసీ ప్రాంతపు స్త్రీకి సరుకు పేరు పెట్టి, ఆమెని వీరనారిని చేసి చూపిస్తే మనం చప్పట్లు కొట్టాం.

గంజాయి లేదని మేము అనడం లేదు. ఉంది. 2021 చివర్లో 'ఆపరేషన్ పరివర్తన' పేరుతో పోలీసులు వేల ఎకరాల పంట నరికించారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో 2 లక్షల కిలోల సరుకు గుట్టలు పోసి తగలబెట్టారు. ఆ మంట ఫోటో రాష్ట్రమంతా చూసింది. కానీ విత్తనం ఎవరు తెచ్చిచ్చారు, పంటకి ముందే అడ్వాన్స్ ఎవరు పెట్టారు, కొండ దిగాక కిలో రేటు ఎన్ని రెట్లయింది, ఆ తేడా ఎవరి జేబులోకి పోయింది? ఆ ఫోటో ఎక్కడా రాలేదు. పెట్టుబడి బయటిది, కొనేది బయటివాళ్లు, మధ్యలో వీపు ఒక్కటే మాది.

చట్టం ఎలా పనిచేస్తుందో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే సినిమాలో ఇది కనిపించదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం గంజాయి 20 కిలోలు దాటితే అది వ్యాపార పరిమాణం. కనీసం 10 ఏళ్ల శిక్ష, 20 ఏళ్ల దాకా వెయ్యొచ్చు, పైన లక్ష రూపాయలకి తగ్గని జరిమానా. ఒక మనిషి తలమీదో వీపుమీదో మోసే ఒక్క మూటతో ఆ గీత దాటిపోతారు. లారీలో టన్ను పంపినవాడు, కూలికి 25 కిలోలు మోసినవాడు ఒకే సెక్షన్ కింద పడతారు. బెయిల్ కావాలంటే ఇతను నేరం చేసినట్టు లేదని నమ్మడానికి కారణాలున్నాయని ముందు కోర్టుకే అనిపించాలి. పెద్ద లాయరుని పెట్టుకోలేనివాడికి అదెప్పుడు అనిపిస్తుంది? విశాఖ అడవివరం సెంట్రల్ జైల్లో ములాఖత్ రోజున బయట నిలబడి చూడండి. సెకండాఫ్‌లో తిరగబడి సామ్రాజ్యం కూల్చినవాళ్లెవరూ కనిపించరు. పాడేరు బస్సు దిగి, సంచిలో బట్టలు పెట్టుకుని, ఆధార్ కార్డు జిరాక్స్ ఎక్కడ తీస్తారని అడిగే తల్లులు కనిపిస్తారు.

ఇప్పుడు ఆ రెండో మాట ఎక్కడికి పోతుందో చూడండి. చింతపల్లి వైపు నుంచి వచ్చే బస్సు చెక్‌పోస్టు దగ్గర ఆగుతుంది. ముందు ఎవరి బ్యాగు విప్పుతారు? వైజాగ్‌లో రూము కోసం తిరిగే ఆదివాసీ విద్యార్థిని ఓనరు ఊరు అడుగుతాడు, పేరు చెప్పగానే మొహం మారుతుంది. "పుష్ప చూశావా, ఘాటి చూశావా, మీవాళ్లదేగా" అని హాస్టల్లో ఫ్రెండ్సే జోకేస్తారు. జోకే, కాదనం. డిగ్రీ అయ్యేదాకా మూడేళ్లు ఆ జోకు భరించేది ఒక్కడే.

"సినిమాని సినిమాలా చూడండి" అనే మాట వెంటనే వస్తుంది. నిజమే, చూద్దాం. అయితే రెండు వైపులా అలాగే చూడాలి కదా. తప్పు చెప్తే "సినిమాయేగా", నచ్చితే "నేచురల్‌గా ఉంది". రెండూ ఎలా కుదురుతాయి?

కొండ మీద వాళ్లకి కూడా సినిమా పిచ్చి ఉంది. ఇది చెప్పకపోతే మాది ఏదో నీతిబోధ అనుకుంటారు. సిగ్నల్ దొరికిన రాయి మీద నలుగురు కూర్చుని ఒకే ఫోన్లో సినిమా చూడటం మా ఊళ్లలో మామూలే. ఫైట్లకి అరుస్తారు, పాటకి ఊగుతారు. తమ మీద తీసిన సినిమాకైతే మీరు నవ్వని చోట నవ్వుతారు. ఏ కాలంలో ఏ ఆకు పచ్చగా ఉంటుందో తెలిసినవాళ్లు కదా. సామ కోత సీను వెనక మామిడి పూత కనిపిస్తే అక్కడే ఆగిపోతారు. విల్లు పట్టుకున్న చెయ్యి చూసి, వీడు జన్మలో పిట్టని కొట్టలేడు అంటారు.

థింసా సంగతి చూడండి. అది గొలుసు ఆట. ఒకరి నడుము వెనకనుంచి ఒకరు చేతులు కలిపి, వంపు తిరుగుతూ, లోపలికి చూస్తూ ఆడతారు. తుడుము, డప్పు, కిరిడి, మోరి మోగుతుంటే ముసలీ ముతకా అందరూ అందులో కలుస్తారు. చూసేవాళ్లకోసం పుట్టిన ఆట కాదది, ఆడేవాళ్లది. సినిమాలోకి వచ్చేసరికి గొలుసు తెగిపోతుంది. ఎందుకంటే అందరూ కెమెరా వైపు తిరగాలి. నలభైమంది అమ్మాయిలు ఒకే రంగు చీరలు మోకాళ్ల పైకి కట్టి వరసగా నిలబడతారు, మధ్యలో హీరో. బయటికొచ్చినవాళ్లు "ట్రైబల్ కల్చర్ బాగా చూపించారు" అంటారు. మా ముసలమ్మలైతే "డ్రిల్లు చేస్తన్నారేటి పిల్లలు" అంటారు. ఇదీ ప్రేక్షకుల అభిప్రాయమే. మైకు ఇటు రాదు గానీ.

భాష కూడా అంతే. ఆదివాసీ ఒరియా, కువి, కొండ, గదబ, పోర్జ... విశాఖ మన్యంలో ఒక్క సంతలోనే మూడు నాలుగు భాషలు వినిపిస్తాయి. తెర మీద అందరికీ ఒకటే భాష: క్రియాపదాలు ఊడిపోయిన తెలుగు, చివర "దొరా". అది విని కూడా నేచురల్ అన్నవాళ్లున్నారు.

'పుష్ప' దగ్గరికొద్దాం. 2021 డిసెంబర్ 17న మొదటి భాగం, 2024 డిసెంబర్ 5న రెండోది. కథ చిత్తూరు వైపు శేషాచలం అడవుల్లో ఎర్రచందనం గురించి. మొదటి భాగంలో మీరు చూసిన అడవి చాలామటుకు మారేడుమిల్లిది, కొండరెడ్లు, కోయలు ఉండే గోదావరి కొండలది. షూటింగ్ సౌకర్యం, అందులో నేరమేమీ లేదు. రాయలసీమ అడవి ఎంత నేచురల్‌గా ఉందో అని మెచ్చుకున్నవాళ్లు మెచ్చుకున్నది తమ పక్క జిల్లాల అడవిని, అంతే. అంతకంటే పెద్ద సంగతి వేరే ఉంది. కూలివాడు ఒక్కో మెట్టూ ఎక్కి సిండికేట్‌కే రాజవుతాడు, అందరికీ తెగ నచ్చింది. 2015 ఏప్రిల్ 7న అదే శేషాచలం అడవుల్లో ఎర్రచందనం నరకడానికి వచ్చారంటూ 20 మందిని పోలీసులు కాల్చి చంపారు. అందరూ తమిళనాడు నుంచి వచ్చిన కూలీలు, వాళ్లలో జవ్వాది కొండల ఆదివాసులు కూడా ఉన్నారు. ఆ కూలివాడు రాజు కాలేదు. సినిమాలో దుంగ మోసే వందమందిలో ఒక్కడికే పేరుంటుంది, ఆ ఒక్కడూ మనకి నచ్చుతాడు. మిగతా 99 మంది గురించి మనం ఏ అభిప్రాయం చెప్పం, ఎందుకంటే వాళ్లకి డైలాగు లేదు.

'ఆర్ఆర్ఆర్' గురించి మాట్లాడాలంటే కొంచెం జాగ్రత్త కావాలి, అభిమానులు కోప్పడతారు. కోప్పడొద్దు. 2022 మార్చి 25న వచ్చిన ఆ సినిమా చూసి మావాళ్లూ ఈలలు వేశారు. కొమరం భీమ్ పేరు ఆస్కార్ దాకా పోయిందంటే సంతోషమే. ఇది కల్పిత కథ అని రాజమౌళి ముందునుంచీ చెప్తూనే ఉన్నారు. భీమ్, సీతారామరాజు జీవితంలో కలుసుకోలేదు, ఆ సంగతీ అందరికీ తెలుసు.

2020 అక్టోబర్‌లో భీమ్ టీజర్ వచ్చినప్పుడు గొడవ గుర్తుందా? తలమీద టోపీ మీద గొడవ. థియేటర్లు తగలబెడతాం అనేదాకా వెళ్లారు కొందరు నాయకులు. సినిమా వచ్చింది, ఆ టోపీ కథలో మారువేషమని తేలింది, అందరూ చల్లబడ్డారు. ఇక చివరి సీను చూడండి. యుద్ధం అయిపోయాక నీకేం కావాలో కోరుకో అని రామ్ అడుగుతాడు. భీమ్ చదువు కావాలంటాడు. అప్పుడు రామ్ జెండా మీద రాసిస్తాడు: జల్, జంగల్, జమీన్.

ఆ మూడు మాటలు కొమరం భీమ్ పేరుతో నిలిచిన నినాదం. జోడేఘాట్ చుట్టూ గోండు, కోలాం గూడేల భూమికోసం నిజాం సర్కారుతో పోరాడి 1940లో పోలీసు కాల్పుల్లో చనిపోయిన మనిషిది. పారిపోయి చాందాలో ఒక ప్రెస్సులో పనిచేస్తూ చదవడం, రాయడం నేర్చుకున్నాడని ఆయన జీవితకథలు చెప్తాయి. ఆయన చనిపోయాక గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పరిశోధకుడిని తెప్పించుకుంది. అంత కదలిక తెచ్చిన మనిషి సినిమాలో చదువురాని అమాయకుడయ్యాడు. ఆయన నినాదాన్ని ఆయన చేతికే ఇంకొకరు రాసిచ్చారు. టోపీ మీద కొట్టుకున్నవాళ్లలో ఒక్కరైనా ఈ సీను గురించి నోరెత్తలేదు. మామూలు ప్రేక్షకులు చాలామంది అదే సీను దగ్గర కళ్లనీళ్లు పెట్టుకున్నామని చెప్పారు. స్నేహం కోణంలో చూస్తే బాగానే ఉంటుంది, కాదనలేం. ఎవరు ఎవరికి ఏం నేర్పారు అని ఒక్కసారి అడిగి చూస్తే అదే సీను ఇంకోలా కనిపిస్తుంది.

భీమ్ మీద వేరే సినిమా ఉంది, తెలుసా? అల్లాణి శ్రీధర్ 1990లో తీశారు. థియేటర్లలోకి రావడానికి 20 ఏళ్లు పట్టింది, 2010లో వచ్చింది. దాని మీద మీ అభిప్రాయం ఏంటని మిమ్మల్ని ఎవరూ అడిగి ఉండరు.

మా నాన్నల తరం సినిమా వేరు. 1974 మే 1న వచ్చిన 'అల్లూరి సీతారామరాజు'. కృష్ణ నూరో సినిమా. చింతపల్లి ప్రాంతంలోనే చాలాభాగం తీశారు. దర్శకుడు వి. రామచంద్రరావు మధ్యలోనే చనిపోతే మిగతాది కృష్ణే పూర్తి చేయించారు. అందులో పాటకి శ్రీశ్రీకి జాతీయ అవార్డు వచ్చింది. మన్యంలో ఆ సినిమా అంటే ఇప్పటికీ ప్రాణం, షూటింగ్ చూశామని చెప్పుకునే ముసలివాళ్లు ఉన్నారు. ఆ ప్రేమని మేము తక్కువ చెయ్యం. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద, తర్వాత రెండు రోజుల్లో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి మీద జరిగిన దాడుల్ని ఆ సినిమా ఇంటింటికీ చేర్చింది.

కానీ ఆ సినిమా చూసిన సగటు ప్రేక్షకుడు యాభై ఏళ్లుగా చెప్తున్న ముక్క ఒకటుంది: "ఆయనే రాకపోతే ఆ అమాయకులకి ఎదిరించడమే తెలీదు." తెలీకపోవడమేంటండీ? సీతారామరాజు పుట్టకముందే 1879లో రంపలో కొండలన్నీ లేచాయి. కల్లు మీద వేసిన చిగురు పన్ను దగ్గర రగిలింది. కారం తమ్మన్న దొర లాంటివాళ్లు నడిపారు. 1922లో కూడా నర్సీపట్నం నుంచి లంబసింగి రోడ్డు వేయించడానికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కూలి ఎగ్గొట్టి చాకిరీ చేయించుకుంటుంటే, పోడు కొట్టనివ్వక ఫారెస్టు చట్టం పీక నొక్కుతుంటే, కోపం అప్పటికే ఉంది. మునసబు పని పోగొట్టుకున్న గాము గంటం దొర ఉన్నాడు, తమ్ముడు మల్లు దొర ఉన్నాడు. సీతారామరాజు ఆ కోపానికి నాయకత్వం ఇచ్చాడు. అది చిన్న సంగతి కాదు. కోపం మాత్రం ఆయన తెచ్చింది కాదు.

గాము మల్లు దొర తర్వాత ఏమయ్యాడో తెలుసా? ఏళ్లపాటు జైలు చూసి వచ్చాడు. 1952లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికల్లో విశాఖపట్నం నుంచే లోక్‌సభకి గెలిచాడు. మీ ఊరి మొదటి ఎంపీల్లో ఒకడు. బీచ్ రోడ్డులో ఎన్ని విగ్రహాలున్నాయో మీరు లెక్కపెట్టే ఉంటారు. సినిమాలో పక్క పాత్రగా చూసిన మనిషి మీ ఓటుతో పార్లమెంటుకి వెళ్లాడన్న సంగతి మీకు ఎవరైనా చెప్పారా? ఆ కథ ఎవరైనా తీస్తే ఫస్టాఫ్ ల్యాగ్ ఉన్నా మేము క్షమిస్తాం.

ఇంకో సినిమా మిగిలింది, దాని గురించి చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాం.

2021 నవంబర్ 2న 'జై భీమ్' అమెజాన్ ప్రైమ్‌లో వచ్చింది. థియేటర్లో రాలేదు, ఇళ్లలోనే చూశారు. దొంగతనం కేసు పెట్టి ఇరుళర్ మనిషిని స్టేషన్‌లో కొట్టి చంపేస్తే, గర్భిణిగా ఉన్న భార్య ఒక లాయరు సాయంతో హైకోర్టులో పోరాడటం కథ. 1993లో తమిళనాడులో జరిగిన కేసు, లాయరు చంద్రు తర్వాత జడ్జి అయ్యారు. అసలు కేసులో ఆ కుటుంబం కురవ సమాజానిది, సినిమా ఇరుళర్లని చేసింది. ఈ మార్పు గురించి తమిళనాడులో చర్చ జరిగింది, ఇక్కడ ఎవరికీ పట్టలేదు. అది పక్కన పెట్టండి. ఆ సినిమా చూసి వైజాగ్‌లో ఎంతమంది రాత్రంతా నిద్రపోలేదన్నారు! మాకు తెలిసినవాళ్లే, ఆదివాసీ అన్న మాట ఎప్పుడూ నోట రానివాళ్లు, ఫోన్ చేసి "ఇలా కూడా జరుగుతుందా" అని అడిగారు. మంచి మనసుతోనే అడిగారు. ఆ ఏడుపుని మేము వెక్కిరించం. ఒక సినిమా ఆ పని చేసిందంటే దానికి దండం పెట్టాలి.

ఇలా కూడా జరుగుతుందా అంటే... 2007 ఆగస్టు 20. పాడేరు ఏజెన్సీలో వాకపల్లి. కూంబింగ్‌కి వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు స్త్రీలు ఫిర్యాదు చేశారు. అప్పటికి అది విశాఖపట్నం జిల్లాయే. మీ జిల్లాయే. ఆ స్త్రీలు కొండ దిగి వచ్చి చెప్పారు. అబద్ధమన్నారు, మావోయిస్టులు చెప్పించారన్నారు. వాళ్లు మాట మార్చలేదు. కింది కోర్టు, హైకోర్టు, సుప్రీంకోర్టు తిరిగి, అసలు విచారణ మొదలవడానికే పదేళ్లు పట్టింది. సాక్ష్యం చెప్పడానికి మన్యం నుంచి విశాఖకి వచ్చేవాళ్లు, చెప్పేవాళ్లు, వెళ్లేవాళ్లు. వాళ్లకి సూర్య లాంటి లాయరు స్లో మోషన్‌లో నడిచి రాలేదు. హక్కుల సంఘాల వాళ్లు, ఆదివాసీ సంఘాల వాళ్లు, కొద్దిమంది లాయర్లు ఫైళ్లు మోసుకుంటూ తిరిగారు.

2023 ఏప్రిల్ 6న విశాఖపట్నంలోని ఎస్సీ ఎస్టీ కేసుల ప్రత్యేక కోర్టు తీర్పు చెప్పింది. 13 మంది పోలీసుల్నీ నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు అధికారులు దర్యాప్తు సరిగా చెయ్యలేదని కూడా అదే తీర్పులో చెప్పింది. ఆ స్త్రీలకి పరిహారం ఇవ్వాలని కూడా చెప్పింది. మళ్లీ చదవండి. నేరం రుజువు కాలేదు, దర్యాప్తు సరిగా జరగలేదు, పరిహారం ఇవ్వాలి. మూడూ ఒకే తీర్పులో ఉన్నాయి.

జై భీమ్‌లో కేసు మూడు గంటల్లోపు తేలిపోయింది. క్లైమాక్స్‌లో న్యాయం జరిగింది కాబట్టి మీరు ఏడ్చి, తేలికపడి, పడుకున్నారు. వాకపల్లి కేసుకి 16 ఏళ్లు పట్టింది, క్లైమాక్స్ లేదు. మీలో ఒక్కరైనా జై భీమ్ చూసి "ఇదంతా ఓవర్, ఇలా ఎక్కడుంటుంది" అనలేదు. నేచురల్‌గా ఉందన్నారు. అక్కడ ఆ మాట సరిగ్గా సరిపోయింది. అయితే అది నిజమని మీకెలా తెలిసింది? వాకపల్లి తెలిసి కాదు కదా. సూర్య చెప్పాడు కాబట్టి నమ్మారు. కళ్లెదురుగా 11 మంది చెప్తే ఈ ఊరు నమ్మలేదు.

మేము అడిగేది పెద్దదేమీ కాదు. ఫలానా సినిమా చూడొద్దని, బ్యాన్ చెయ్యాలని మేము ఎప్పుడూ అనం. బాగుంటే బాగుందనండి. ఫైట్ బాగుంటే ఈల వెయ్యండి, మేమూ వేస్తాం. కొండ మనుషుల మీద సినిమా చూసి వచ్చినప్పుడు "నేచురల్‌గా ఉంది" అనే ముందు మాత్రం, మీకు తెలిసిన ఆదివాసీ ఒక్కరైనా ఉంటే వాళ్లకి ఫోన్ చేసి నువ్వు చూశావా, నీకెలా అనిపించింది అని అడగండి. మీ ఆఫీసులో ఉంటారు, మీ పిల్లల కాలేజీలో ఉంటారు, ప్లాంట్‌లో కాంట్రాక్టు లేబర్‌లో ఉంటారు. వాళ్లు "బాగుందన్నా, సెకండాఫే ల్యాగ్" అనొచ్చు కూడా. అదీ అభిప్రాయమే. ఒక్కరూ తెలియకపోతే మైకు ముందు ఆ ఒక్క మాట దాటేసి పాటల గురించి చెప్పండి, చాలు.

వాకపల్లి తీర్పు వచ్చింది గురువారం నాడు. జగదాంబ సెంటర్ నుంచి ఆ కోర్టుకి పెద్ద దూరమేమీ లేదు, ఆటోలో వెళ్లిపోవచ్చు. మర్నాడు శుక్రవారం 'రావణాసుర' విడుదలైంది. అందులో రవితేజ లాయరు. మార్నింగ్ షో వదిలేసరికి హాలు బయట మైకులు రెడీగా ఉన్నాయి.